లెక్కకు రాని పదిమంది

దేవుడి ముందు ఏడవడానికి పదిమంది ఎందుకు కావాలి? ఒక్కడి ఏడుపు ఆయనకు వినపడదా? ఈ వయసొచ్చినా నాకు జవాబు దొరకలేదు.

కరోనా రెండో ఏడు వేసవి. విమానాలు సరిగా లేక, జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ అనే ఊళ్ళో మా అమ్మాయి శ్రీవల్లి దగ్గరే చిక్కుబడిపోయాను. కింది వాటాలో ఐవర్ కెస్లర్ ఉండేవాడు. వేల్స్‌లో బొగ్గుగనుల ఊళ్ళో పుట్టిన యూదుడు. జర్మన్ పిల్లను చేసుకుని ఇక్కడికొచ్చి, ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయి చాలాకాలమైంది. ఇద్దరం మాస్కులు పెట్టుకుని మెట్లమీద పుస్తకాలు మార్చుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్నే తలుపు తట్టాడు. వేల్స్‌లో, వాళ్ళ సొంతూళ్ళో తమ్ముడు రూబెన్ పోయాడట. వెళ్ళే దారి లేదు.

"పోయినవాళ్ళ కోసం మేం కద్దిష్ అనే ప్రార్థన చదవాలి గంగాధర్. పదిమంది మగవాళ్ళు లేనిదే చదవకూడదు. ఇక్కడి మావాళ్ళంతా ముసలివాళ్ళు, భయపడి గడప దాటట్లేదు."

పదిమందేగా అనుకున్నాను. శ్రీవల్లి వాట్సాప్‌లో పెట్టింది. సాయంత్రానికి యూనివర్సిటీలో చదివే మన పిల్లలు పదిమంది పెరట్లో ఎడంఎడంగా నిలబడ్డారు.

"క్రికెట్‌కి కూడా ఇంత తొందరగా దొరకరంకుల్," అన్నాడు వాళ్ళలో ఒకడు, విశ్వతేజ.

ఐవర్ బయటికొచ్చి ఒక్కొక్కరినీ చూశాడు.

"ఆ పదిమందీ యూదులై ఉండాలి గంగాధర్," అన్నాడు మెల్లగా. నాకు తల కొట్టేసినట్టయింది.

అతను మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. "శనివారం పొద్దున మా నాన్న ప్రార్థన మందిరం గుమ్మంలో నిలబడి, పదోవాడి కోసం వీధి చివరిదాకా చూసేవాడు. అప్పుడెక్కడున్నార్రా మీరంతా?"

"అప్పటికి పుట్టలేదు సర్!" అన్నాడు విశ్వతేజ.

"మిమ్మల్ని లెక్కేసుకుని కద్దిష్ చదవను. అది మోసం. మా రూబెన్ గురించి చెప్తాను, వింటారా?" అన్నాడు ఐవర్.

చెప్పాడు. వాళ్ళ తాత లిథువేనియా నుంచి వచ్చి, మూట భుజాన వేసుకుని గనివాళ్ళకు ఇంటింటా బట్టలమ్మాడు. తర్వాత కొట్టు పెట్టాడు. సమ్మె రోజుల్లో అరువిచ్చాడు. పిల్లలు పెద్దవాళ్ళై కార్డిఫ్‌కి, లండన్‌కి పోతుంటే ప్రార్థనకు పదిమంది కాస్తా తొమ్మిదిమందయ్యారు. మందిరాన్ని అమ్మేశారు. రూబెన్ ఒక్కడే కదల్లేదు, తమవాళ్ళ శ్మశానంలో గడ్డి కోయడానికి మనిషుండాలని.

"ఇప్పుడా ఊళ్ళో మావాళ్ళెవరూ లేరు," అన్నాడు.

విశ్వతేజ చెప్పులు విడిచి, చేతులు కట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే మిగతావాళ్ళూ విడిచారు. ఐవర్ తమ్ముడి పేరు పైకి పలికాడు. పిల్లలూ పలికారు, ఒకరి తర్వాత ఒకరు. రూబెన్. రూబెన్.

చావు కబురు విన్న చోట వెళ్ళొస్తామనకూడదని మన పిల్లలకు తెలుసు. చెప్పులు వేసుకుని కదిలారు. ఐవర్ వాళ్ళవైపే చూసి, తనూ వాళ్ళలాగే నాకు గుడ్‌నైట్ చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయాడు.