పేరమ్మ కుప్ప

దొరవారిసత్రం నుంచి తూర్పుగా పోతే పులికాట్ సరస్సు ఒడ్డున మా పల్లె. అక్కడ ఆడవాళ్ళు వల లేకుండానే రొయ్యలు పడతారు. లోతులేని నీళ్ళలో మోకాళ్ళ మీద వరసగా పాకుతూ, రెండు చేతులతో బురద తడుముతారు. తాటాకు బుట్టను పళ్ళతో కరిచి పట్టుకుంటారు. దొరికిన రొయ్య అందులోకి పోతుంది. నోట్లో బుట్ట ఉన్నంతసేపూ మాటలుండవు. మా పల్లె మగవాళ్ళకు అదొక్కటే విశ్రాంతి. గట్టెక్కాక ఎవరి రొయ్యలు వాళ్ళు విడిగా కుప్ప పోస్తారు. కుప్ప పోసిన పిల్లను ఇక ఎవరూ చిన్నపిల్ల అనరు.

పేరమ్మ తన ఈడు పిల్లలకంటే చాలా ముందే కుప్ప పోసింది. 1961లో, దానికి పద్నాలుగో ఏట, బురదలో దాగిన చేప తోకముల్లు పాదంలో దిగింది. ఇంట్లోవాళ్ళు ఆకుపసర్లు కట్టి కూర్చున్నారు. కాలు నల్లబడ్డాక గానీ బండి కట్టించి నెల్లూరు తీసుకుపోలేదు. అక్కడ కాలు మోకాలి కిందికి తీసేశారు. ఆ ఆలస్యం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తిరిగొచ్చిన పిల్లకు తల్లి మాలకొండమ్మ ఒక ఉద్యోగం ఇచ్చింది. ఎండబోసిన రొయ్యల దగ్గర కూర్చుని కాకుల్ని తోలాలి. దారినపోయే ప్రతివాళ్ళూ "అయ్యో పాపం" అనేసి పోయేవాళ్ళు. ఆ మాటకు ఖర్చేముంది! పేరమ్మకు కావలసింది ఒక్కటే, మళ్ళీ గట్టు మీద తన కుప్ప.

"నేనూ వస్తానమ్మా."

"ఏందే, ఉన్న కాలు కూడా పోగొట్టుకునేదానికా? కూర్చో!"

పుండు పూర్తిగా మానిన తరువాత, ఒక పొద్దున తల్లి నీళ్ళలోకి దిగాక, పేరమ్మ చంకకర్రతో వెనకాలే వచ్చింది. కర్రను ఒడ్డున బురదలో గుచ్చి, జారుతూ నీళ్ళలోకి దిగింది. వరసంతా తలతిప్పి చూసింది. వద్దనడానికి ఎవరికీ నోరు ఖాళీ లేదు. అరిస్తే పట్టినవన్నీ నీళ్ళపాలు. అందుకని మాలకొండమ్మ కళ్ళతోనే తిట్టింది.

నీళ్ళలో అందరూ మోకాళ్ళ మీదే గదా అనిపిస్తుంది మనకు. అంత తేలికేమీ కాలేదు. పేరమ్మ ఒక పక్కకు ఒరిగిపోయేది. తెగినచోట లేతచర్మం ఉప్పునీళ్ళకు భగ్గున మండేది. మొదట్లో గుప్పెడు రొయ్యలే దొరికేవి. వాటిని కుప్ప అనడానికి ఎవరికీ మనసొప్పక, తల్లి తన కుప్పలో కలిపేసేది. పేరమ్మ ఆ పూట అన్నం తినేది కాదు.

అలా ఉండగా ఒకరోజు పేరమ్మ నోట్లో బుట్ట ఉన్నట్టుండి బరువెక్కింది. తాను వేసిన రొయ్య ఎంతో, వేయనిదెంతో పళ్ళకు తెలియదా? పక్కకు చూసింది. తల్లి చెయ్యి అప్పుడే వెనక్కి పోతోంది.

పేరమ్మ పళ్ళు వదిలింది. బుట్ట నీళ్ళలో బోర్లా పడింది. తల్లి వేసినవీ, తాను పొద్దుటినుంచీ పట్టినవీ అన్నీ పోయాయి.

"ఎందుకట్టా చేసినావమ్మా? నేను పట్టలేనా?"

మాలకొండమ్మ కళ్ళలోంచి ధారలు కారుతున్నాయి గానీ, బుట్టను కరిచిన పళ్ళు వదల్లేదు. కాసేపటికి కూతురి పక్కనుంచి జరిగి వరస ఆ చివరకు పోయింది. పేరమ్మ తేలుతున్న బుట్టను అందుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆరోజు గట్టు మీద పేరమ్మ తన రొయ్యలు విడిగా పోసింది. తక్కెడ తెచ్చిన కొనుగోలుదారు చెంచురామయ్య వాటిని చూసి నవ్వాడు.

"ఈ దోసెడు ఎవరివమ్మా? ఎవరో ఒకరి దాంట్లో కలిపేయండి, తూచేదానికి సులువు."

మాలకొండమ్మ వచ్చి ఆ రొయ్యలకు అడ్డంగా నిలబడింది. పొద్దుటినుంచీ బుట్ట కరిచిన నోరు గదా, మాట బొంగురుగా వచ్చింది.

"కలపబాకయ్యా. అది మా పేరమ్మ కుప్ప. విడిగా తూచు."