మా వాడికి సీటు వచ్చింది

మా కాలనీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు, పిల్లల్ని బళ్ళో వేసే రోజులు రాగానే నా దగ్గరికి వస్తారు. ఏ స్కూలు మంచిది, బస్సు ఎక్కడిదాకా వస్తుంది, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అని ఆరా తీస్తారు. ఈ విషయంలో నేను ఆరితేరినదాన్నని వాళ్ళ నమ్మకం. నిజమే, మా వాడికి మొదటి ఇంటర్వ్యూలోనే సీటు తెప్పించినదాన్ని. ఎలా తెప్పించానో మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

తొంభైల చివర్లో మేం భీమవరం వైపు నుంచి మేడ్చల్ వచ్చాం. మా ఆయనకి ఇక్కడ ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. శామీర్‌పేట వెళ్ళే దారి పక్కన అప్పుడే వేసిన కాలనీ మాది. పది ఇళ్ళు, మిగతావన్నీ హద్దురాళ్ళు. బాబుకి మూడేళ్ళు నిండబోతున్నాయి. నాకు మళ్ళీ నెల తప్పింది. పొద్దున లేస్తే వాంతులు, వాడి వెనక పరిగెత్తే ఓపిక లేదు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె తన కూతుర్ని పాత ఊళ్ళో ఉన్న అంగన్‌వాడీలో దింపి పనికి వచ్చేది.

“బాబును గూడ తోల్కపోతనమ్మా, మీరు జరసేపు పండుకోండ్రి,” అంది.

పంపాను. పంపాను గానీ, మా సొంత ఊళ్ళో ఉన్న అత్తగారికి ఫోన్లో మాత్రం ‘ప్లే స్కూల్’ అని చెప్పాను. అంగన్‌వాడీ అంటే లేనివాళ్ళ పిల్లలకి అన్న లెక్క ఒకటి మా బుర్రల్లో ఉండేది. ఆ లెక్క మాకు ఎవరు నేర్పారో తెలియదు.

అక్కడ ఉన్నది ఒకటే గది. దూలానికి పిల్లల్ని తూచే కాటా, గోడ మీద చేత్తో గీసిన పళ్ళ బొమ్మలు, కింద చాప. టీచర్‌ది ఇంచుమించు నా వయసే. కుర్చీ ఉన్నా చాప మీదే కూర్చునేది. మా వాడు ఉడకబెట్టిన శనగలు తిని, చొక్కా నిండా మట్టి పూసుకుని, నవ్వుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

మూడో వారంలో ఒక రోజు వాణ్ణి తీసుకురావడానికి నేనే వెళ్ళాను. టీచర్ గుమ్మం దాకా వచ్చింది. పక్కన ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

“అమ్మా, ఒక మాట జెప్తే ఏమనుకోరు గద?”

“చెప్పండి.”

“బాబు మస్తు తెలివిగలోడు. గని ఎనక నుంచి పిలిస్తే తిరిగి సూస్తలేడు. నిన్న ఆయా చేతులకెల్లి స్టీలు పళ్ళెం కింద పడ్డది. పిల్లలందరు ఉలిక్కిపడ్డరు. బాబు బొమ్మలు పేర్చుకుంటనే ఉన్నడు. ఒకపారి చెవుల డాక్టర్‌కు సూపెట్టుండ్రి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మా వాడికి ఏ లోపమూ లేదండి. మా అత్తగారి వైపు మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయి. మా ఆయనకి నాలుగేళ్ళు నిండాక వచ్చాయి.”

“మాటల సంగతి గాదమ్మా...”

మిగతాది నేను వినలేదు. బాబుని చంకనేసుకుని, ఆ కడుపుతోనే, ఎండలో ఇంటిదాకా నడిచి వచ్చాను. సాయంత్రం మా ఆయనతో చెబితే, “పోనీ ఒకసారి చూపిద్దామా?” అన్నాడు. “ఉప్మా వండిపెట్టే ఆవిడ చెబితే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలా?” అని ఎగిరిపడ్డాను. ఆయన మంచివాడు, నోరు మూసుకున్నాడు. మర్నాటి నుంచి బాబుని అక్కడికి పంపడం మానేశాను.

ఇక నా పట్టుదల చూడాలి. అల్వాల్‌లో పేరున్న ఇంగ్లీషు మీడియం స్కూలు నుంచి అప్లికేషన్ తెప్పించాను. నెల రోజులు బాబుని మంచం మీద నాకు ఎదురుగా కూర్చోబెట్టుకుని తర్ఫీదు ఇచ్చాను. గడ్డం పట్టుకుని మొహం నావైపు తిప్పుకుని, “వాట్ ఈజ్ యువర్ నేమ్” దగ్గర మొదలుపెట్టి, రంగులు, పళ్ళు, జంతువులు వందలసార్లు చెప్పించాను. వాడు కళ్ళార్పకుండా నా నోటివైపే చూసేవాడు. ఎంత శ్రద్ధో నా తండ్రికి అని మురిసిపోయాను. అలా చూడటం ఎందుకు నేర్చుకున్నాడో నాకు తట్టలేదు.

ఇంటర్వ్యూ రోజు ప్రిన్సిపాల్ మేడమ్ సరిగ్గా వాడికి ఎదురుగా కూర్చుంది. గొంతూ పెద్దదే. పేరు చెప్పాడు, నాన్న పేరు చెప్పాడు, ఆపిల్‌ని ఆపిల్ అన్నాడు. మాట ముద్దగా ఉంటే, చిన్నపిల్లాడు కదా అని ఆవిడ నవ్వింది. తర్వాత పక్కకి తిరిగి ఏదో కాగితం వెతుకుతూ, గోడ మీది పువ్వు ఏ రంగు అని అడిగింది. వాడు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఆవిడ చూడకుండా వాడి తొడ మీద తట్టాను. నావైపు తిరిగాడు. గొంతు బయటికి రాకుండా పెదాలతో ‘రెడ్’ అన్నాను.

“రెడ్!” అని గట్టిగా అరిచాడు.

సీటు వచ్చింది. కాలనీలో పది ఇళ్ళకీ నేతి మైసూర్‌పాక్ పంచాను. అంట్లు తోమే ఆమెకి రెండు ముక్కలు ఎక్కువ ఇచ్చి, మీ టీచరమ్మకి కూడా ఇవ్వు, ఇంగ్లీషు స్కూల్లో సీటు వచ్చిందని చెప్పు అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు, దాచుకోవడం ఎందుకు.

ఆ స్కూల్లో ఒక్కో క్లాసుకి యాభై మంది పైన. టీచర్ బోర్డువైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పేది. మా వాడు పొడుగని వెనక వరసలో కూర్చోబెట్టారు. డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపడం మొదలైంది: శ్రద్ధ లేదు, పక్కవాడిది చూసి రాస్తాడు, పిలిస్తే రాడు, మొండి. మొదటి ఏడాది బతిమాలాను. రెండో ఏడాది కొట్టాను. స్కేలుతో, చేత్తో, ఒకసారి అట్లకాడతో. వాడు ఏడుస్తూ కూడా నా మొహం వంకే చూసేవాడు, ఎందుకు కొడుతున్నానో అందులో దొరుకుతుందేమోనని. పాత మట్టి చొక్కా నవ్వు ఎప్పుడు పోయిందో గమనించలేదు.

ఈలోగా పుట్టిన పాపకి రెండేళ్ళు వచ్చాయి. వాగుడుకాయ. ఒక సాయంత్రం వీధి మలుపులో వాళ్ళ నాన్న స్కూటర్ చప్పుడు వినగానే “నాన్న, నాన్న” అంటూ గుమ్మంలోకి పరిగెత్తింది. బాబు గుమ్మానికి వీపు పెట్టి, నేల మీద పడుకుని బొమ్మ గీసుకుంటున్నాడు. స్కూటర్ గేట్లోకి వచ్చింది. హారన్ మోగింది. పాప కేకలు. వాడి పెన్సిల్ ఆగలేదు. తండ్రి వంగి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు అదిరిపడి లేచాడు.

నేను వంటింటి గడపలో నిలబడి ఇదంతా చూశాను. చేతిలో ఉన్న పళ్ళాన్ని వాడి వెనక నేల మీదకి వదిలేశాను. పాప చెవులు మూసుకుంది. వాడు నాన్నకి బొమ్మ చూపిస్తున్నాడు.

సికింద్రాబాద్‌లో డాక్టర్ దగ్గర చాలాసేపు పరీక్షలు చేశారు. రెండు చెవులూ బాగా మందమని, ఎదురుగా గట్టిగా మాట్లాడితే కొంత వినిపిస్తుందని, మిగతాది పెదాలు చూసి పోల్చుకుంటున్నాడని డాక్టర్ చెప్పాడు. “మాటలు పట్టుబడే వయసు ఇదే కదమ్మా. మూడేళ్ళప్పుడే చెవి మిషన్ పెట్టించి ఉంటే చాలా తేడా ఉండేది. ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదా?”

“లేదండి. ఎవరూ చెప్పలేదు,” అన్నాను.

మా ఆయన నా వంక చూశాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మిషన్ పెట్టించాం. చొక్కా జేబులో చిన్న పెట్టె, దాన్నుంచి చెవులకి రెండు తీగలు. మాటలు నేర్పించే ఆవిడ దగ్గరికి వారానికి రెండుసార్లు బస్సులో తిప్పాను. మాటలు వచ్చాయి, చదువూ వచ్చింది. కానీ కొన్ని శబ్దాలు వాడి నోటికి ఎప్పటికీ పట్టుబడలేదు. కొట్లో ఏదైనా అడిగితే కొట్టువాడు “ఏందీ?” అంటాడు, వాడు వేలితో చూపించి ఊరుకుంటాడు.

అందుకే, ఏ స్కూలు మంచిదని అడిగే అమ్మాయిలకి నేను ఫీజుల సంగతి చెప్పను. ముందు పిల్లల్ని వెనక నుంచి పిలిచి చూడండి అంటాను. తర్ఫీదు ఇచ్చి తీసుకెళ్ళకండి, మీ పిల్లలు ఎలా ఉన్నారో అలాగే స్కూలువాళ్ళని చూడనివ్వండి అంటాను. రోజూ పిల్లలతో గడిపే మనిషి ఏదైనా చెబితే, అది ఆయా అయినా సరే, కోపం వచ్చినా సరే, వినమంటాను. వాళ్ళు తలూపి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పండి ఆంటీ అంటారు.

మిషన్ పెట్టిన నెలకి బాబుని తీసుకుని అంగన్‌వాడీకి వెళ్ళాను, క్షమించమని అడుగుదామని. దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. టీచర్ మమ్మల్ని చూసి చాప మీద నుంచి లేచింది. వాడి జేబులో పెట్టె, చెవుల్లో తీగలు చూసి అలాగే నిలబడిపోయింది.

“ఎప్పుడు పెట్టిచ్చిండ్రమ్మా?”

“పోయిన నెల.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తప్పు నాదే అమ్మా. నేను ఇంటికొచ్చి గట్టిగ జెప్పాల్సుండె. రెండుసార్లు మీ గేటు దాక వచ్చిన. పెద్దోళ్ళు, సదువుకున్నోళ్ళు, నా మాట ఏం ఇంటరని మర్లిపోయిన. పోరని రెండేండ్లు నేనే కరాబు జేసిన.”

కాదు, మీరు చెప్పారు, నేనే తీసిపారేశాను అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆమె అలా ఏడుస్తుంటే, సిగ్గు లేకుండా, నాకు కాస్త తేలికైంది. ఊరుకోండి, జరిగిందేదో జరిగింది అన్నాను. ఆ తప్పు ఆమె దగ్గరే వదిలేసి, బాబు చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాను.