పాసైనోళ్లు రేపు చేయున్రి

దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు సీఏ ఇంటర్ కోచింగ్‌లో కాస్టింగ్ పేపర్ చెప్పిన సారు పోయారని, ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే క్లాసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. అప్పటికి నేను ఆయనకే ఫోన్ చేద్దామని హాస్టల్ మెట్ల మీద కూర్చుని, ఎప్పుడు తెల్లగా తెల్లవారుతుందా అని చూస్తున్నాను.

సిలబస్ మారుతోందన్న కబురు వచ్చినప్పుడు మా అందరికీ పిచ్చెక్కింది. పాతదానికి ఇంకొక్క అటెంప్టే మిగిలింది. అందులో తేలకపోతే మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి. రోజుకో పుకారు. హాస్టల్ దగ్గర ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి క్లాసు దగ్గర దిగేలోపే, పాతది రాయాలా కొత్తదానికి ఆగాలా అని నా మనసు మారిపోయేది. సారు మాత్రం బోర్డు మీద పాత లెక్క, పక్కనే కొత్త లెక్క వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని చాయ్‌కి వెళ్లిపోయేవారు. ఆ నిమ్మళం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ అటెంప్ట్ పోయింది. ఫలితాల రోజు సారుది ఒకటే రూలు: ఆ రోజు ఆయన ఫోన్ ఫెయిలైనవాళ్లది. మిగతావాళ్లు చేస్తే, "పాసైనోళ్లు రేపు చేయున్రి, ఇయ్యాల మిమ్మల్ని మెచ్చుకోనీకె శానమంది ఉంటరు" అని పెట్టేసేవారు. నేను చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. ఏడుస్తుంటే ఆపమనలేదు.

"నువ్వు చదివింది యాడికి పోలేదమ్మా. పేపర్ మారింది, గంతే. సోమవారం ఒచ్చి ముందు బెంచిల కూసో" అన్నారు.

వెళ్లాను. కొత్త పాఠం మధ్యలో ఆయన ఆగి, లెక్క చెరిపి, మళ్లీ వేశారు. తనూ ముందురోజే నేర్చుకున్నానని నవ్వారు. చాలా రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి కుదురుగా చదివాను.

ఈసారి గట్టెక్కాను. ఫలితం చూడగానే ఆయన నంబరు తీశాను. రూలు గుర్తొచ్చి ఆగిపోయాను.

బడంగ్‌పేట్‌లో సారు వాళ్ల ఇంటి ముందు, ఈసారి ఫెయిలైన మా క్లాసమ్మాయి సారు భార్య పక్కన కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం సారు తనతో చాలాసేపు మాట్లాడారని చెబుతోంది.

"అన్నం తిని పండుకో, రేపు మాట్లాడుకుందం అన్నరు మేడం."

ఆమె ఆ పిల్ల చెయ్యి వదలకుండా, "ఇంకేమన్నడు బిడ్డా?" అని అడిగింది.

ఆ అమ్మాయి మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. నాకు అసూయ వేసింది, సిగ్గూ వేసింది. మేం పాసైనవాళ్లం ఎదురింటి గోడ పక్కన, ఆవిడకి ఇవ్వడానికి నిన్నటి సారు మాట ఒక్కటైనా లేక, ఎండలో నిలబడి ఉన్నాం.