నస్రీన్ హాకీ కర్ర

వైటూకే కంప్యూటర్ల పని మీద సిడ్నీలో ఉన్న రోజులవి. రైల్లో పరిచయమైన కరీంనగర్ డాక్టరమ్మ నస్రీన్ చేతిలో రెండు ఐస్ హాకీ కర్రలున్నాయి. ఆ సాయంత్రమే జట్టు ఎంపికట. నేనూరుకుంటానా? కాలేజీ రోజుల్లో రాష్ట్రానికి హాకీ ఆడానన్నాను.

“అయితే ఏది మంచిదో చెప్పుండ్రి అంకుల్.”

మొదటిది రోకలిలా బిగుసుకుని ఉంది. రెండోది నేలకానించి నొక్కితే విల్లులా వంగి, చివ్వున లేచింది. ఏం కర్రండీ! “ఇదే!” అన్నాను.

బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో దిగబోతూ, “ఇంకోటి షాపుల వాపసిస్త,” అంది.

నా మాట నమ్మే! గబుక్కున లేచాను. “అమ్మా, అబద్ధమాడాను. కాలేజీ ఫోటోకి తప్ప హాకీ కర్ర పట్టలేదు.”

“తెల్సు. రాష్ట్రానికి ఆడినోళ్లు చీపురు లెక్క పడ్తరా?” నవ్వింది. “ఇంట్ల అందరు ఆడొద్దన్నోళ్లే. దేంతోని ఆడాల్నో చెప్పింది మీరొక్కరే.”

మొదటిది చంకలో పెట్టుకుని, నేను చెప్పిన కర్రే చేత పట్టుకుని దిగిపోయింది.