వరసగా పెట్టిన నాలుగు బల్బులు

1961 చలికాలం. ప్రొద్దుటూరులో వైర్‌మన్‌గా నాకు నాలుగేళ్ల అనుభవం, దానికి మించిన పొగరు. పులివెందులలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రికి అప్పుడే కరెంటు వచ్చింది. నెలలు నిండకుండా పుట్టే బిడ్డలను వెచ్చగా ఉంచడానికి అక్కడి డాక్టరమ్మ ఒక చెక్కపెట్టె చేయించింది. "అడుగున నాలుగు బల్బులు వరసగా పెట్టు" అని నాకు చెప్పింది.

మా ఉస్తాదు పని నేర్పేటప్పుడు సిరీస్‌ను 'వరస' అనేవాడు, పారలల్‌ను 'జంట' అనేవాడు. సిరీస్‌లో కరెంటు ఒక బల్బు గుండా పోయి ఇంకోదానిలోకి వెళ్తుంది, ఉన్న వోల్టేజీని అన్నీ పంచుకోవాలి. పారలల్‌లో ప్రతి బల్బుకూ పూర్తి వోల్టేజీ అందుతుంది. డాక్టరమ్మ వరస అంది కాబట్టి సిరీస్‌లో కట్టేశాను. బల్బులు గుడ్డిగా వెలిగాయి. కొత్త లైను కదా, వోల్టేజీ తక్కువ కాబోలు అనుకుని బస్సెక్కాను.

వారం తర్వాత ఇంకో పని మీద పులివెందులలోనే ఉంటే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పోయి చూస్తే పెట్టెలో గుప్పెడంత మగబిడ్డ. గొర్రెలు కాసుకునే ఇంటి కోడలికి ఎనిమిదో నెలలోనే పుట్టాడట. నర్సు సుగుణమ్మ థర్మామీటరు నా ముఖం ముందు పెట్టింది.

"పొద్దుట్నుంచి పెట్టె వేడెక్కడమే లేదు. బిడ్డ సల్లబడతాండాడు. కాళ్లు సూడు, నీలమెక్కినాయి."

"లైన్లో వోల్టేజీ లేదు గదమ్మా" అన్నాను.

"ఈ గదిలో దీపం శానా బాగా వెలుగుతాంది గదప్పా. దానికుండే కరెంటు దీనికి యాడబోయింది?"

తప్పు లైనుది కాదు, నాది. డాక్టరమ్మ వరస అన్నది బల్బులను పక్కపక్కన పెట్టమని, సిరీస్‌లో కట్టమని కాదు. నాలుగు బల్బులూ కలిసి ఒక్క బల్బంత వేడి కూడా ఇవ్వడం లేదు.

మార్చాలంటే ఆ కాస్త వేడీ ఆపాలి. బిడ్డ నాయనమ్మ ఓబులమ్మ వాణ్ని రొమ్ముకు హత్తుకుని పైన గొంగడి కప్పుకుంది. "బిన్నె కానీప్పా" అని తొందరపెట్టింది. స్క్రూ రెండుసార్లు జారి కింద పడింది.

"బల్బులు జరపాలా?" అని డాక్టరమ్మ అడిగింది.

"వద్దమ్మా. పక్కపక్కన ఉన్నా, మూలకొకటి ఉన్నా ఒకటే. ఏ కొస ఏ తీగకు కలిసిందో అదే లెక్క."

ప్రతి హోల్డరుదీ ఒక కొసను ఒక తీగకు, ఇంకో కొసను రెండో తీగకు కలిపాను. తీగలు ఒకదాని మీదుగా ఒకటి పోయి చూడ్డానికి అసహ్యంగా తయారయ్యాయి. పుస్తకంలో గీసిన పారలల్ బొమ్మకూ దీనికీ పోలికే లేదు, సర్క్యూట్ మాత్రం అదే.

స్విచ్ వేయగానే కళ్లు చెదిరేలా వెలిగాయి. పాదరసం పైకి లేచింది. వేడి మరీ ఎక్కువైతే సుగుణమ్మ ఒక బల్బు తీసేసింది, మిగతా మూడూ ఆరలేదు. మధ్యాహ్నానికి బిడ్డ పాదాలు ఎర్రబడ్డాయి, సన్నగా ఏడ్చాడు.

ఓబులమ్మ నా చేతులు పట్టుకుంది. "దేవుని మాదిరి వచ్చినావప్పా."

ఆ మాట భరించలేకపోయాను. "ముందు తప్పుగా కట్టింది నేనే అవ్వా. డాక్టరమ్మ చెప్పిందొకటి, నేననుకునిందొకటి."

ఆమె నా చేతులు వదిలేసింది. "నాకెందుకు చెప్తాండావు? సలికి వణికింది వాడు. వానికి చెప్పు" అంది.

పెట్టె మీదికి వంగి, అందరూ చూస్తుండగానే, ఆ పసివాడికి తప్పు ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి ఎవరు ఏ పని చెప్పినా, అది దేనికోసమో అడగందే తీగ ముట్టుకోలేదు.