నర్సమ్మ గారి మీటరు మీద వాన

మా సైకిల్ గ్రూపు నర్సమ్మ గారు పోయారు. మంగళవారం పొద్దున్న కాలేజీకి బయలుదేరుతూ ఫోన్ చూస్తే వాళ్ళబ్బాయి పెట్టిన మెసేజీ. నిద్రలోనే గుండె ఆగిందట. అరవై నాలుగేళ్ళు. గ్రూపులో ఒకరి వెనక ఒకరు దణ్ణాలు పెడుతున్నారు. నాకు మాత్రం వేలు కదల్లేదు. ఆమెకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది చెప్పకముందే ఆమె వెళ్ళిపోయారు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

తెనాలిలో ఆదివారాలు సైకిళ్ళు తొక్కే పది పన్నెండు మందిమి మేము. మాలో అందరికన్నా పెద్దావిడ నర్సమ్మ గారే. రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్ళు ప్రభుత్వ నర్సుగా పనిచేశారు. టీకాల పెట్టె క్యారేజీకి కట్టుకుని, కాలవ కట్టల మీద బురదలో ఇల్లిల్లూ తిరిగిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆ కాళ్ళు ఊరుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పిన్నీసు పెట్టుకుని, మా వెనకే వచ్చేవారు. మేము ఎక్కడ టీకి ఆగినా ఆమె కళ్ళు చంటిపిల్ల ఉన్న ఇంటిని వెతికేవి. "తొమ్మిదో నెల సూది వేయించారా అమ్మా?" అని అడిగాకే మంచినీళ్ళు పుచ్చుకునేవారు.

మమ్మల్ని ఆటపట్టించడం ఆమెకు సరదా. "లక్ష పెట్టి కొన్న సైకిలని ఎదురుగాలికి తెలియదుగా బాబూ" అనేవారు. ఒక్క విషయంలో మాత్రం హాస్యం ఉండేది కాదు. తోటివాళ్ళు కొందరు ఇంట్లో కూర్చుని రిజిస్టరు నింపేవారట. ఆమె ఒక్క గడి కూడా అలా నింపలేదు. "వెళ్ళని ఇంటికి వెళ్ళినట్టు రాస్తే, రేపు ఆ పిల్లకి జ్వరమొస్తే నేనేం మొహం పెట్టుకుని వెళ్తాను?" అనేవారు.

ఆమె చేత జీపీఎస్ మీటరు కొనిపించింది నేనే. హ్యాండిల్‌కి తగిలించుకునే చిన్న యంత్రం. ఏ దారిన ఎంత దూరం వెళ్ళామో మ్యాపు మీద గీత గీసి చూపిస్తుంది.

"వానకి పాడవదా?" అని అడిగారు.

"నీళ్ళలో ముంచినా ఏమీ కాదండీ" అన్నాను. ఫిజిక్స్ లెక్చరర్ని కదా, చెబితే నమ్మారు.

"అయితే నాకంటే గట్టిదే" అని నవ్వారు.

పోయిన ఏడు అల్పపీడనం రోజుల్లో పెద్ద రైడు పెట్టుకున్నాం. తెనాలి నుంచి వేమూరు మీదుగా రేపల్లె, అక్కణ్ణుంచి బాపట్ల, మళ్ళీ తెనాలి. రేపల్లె దాటామో లేదో వాన కుమ్మేసింది. ముందున్న సైకిలు కూడా కనపడలేదు. గుంపు చెదిరిపోయి, ఎవరి మానాన వాళ్ళం బాపట్ల చేరాం. నర్సమ్మ గారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. తడిసి ముద్దయ్యారు, పెదాలు నల్లబడ్డాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగి, "పదండి, ఇంకా ఇల్లు చేరాలిగా" అన్నారు.

మరునాడు మీటర్లన్నీ నా దగ్గరికి వచ్చాయి. పూర్తిగా తొక్కిన వాళ్ళెవరో చూసి పతకాల జాబితా రాయడం నా పని. వాన ఆ మీటర్లను కూడా వదల్లేదు. ఒకదాని అద్దం లోపల ఆవిరి పట్టింది. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా నొక్కని ఒకాయనది మళ్ళీ వెలగనే లేదు. నాదైతే మరీ ఘోరం. ఎత్తు లెక్కకట్టడానికి గాలి ఒత్తిడి కొలిచే కన్నంలో నీటిచుక్క ఇరుక్కుని, కొండన్నదే లేని మన డెల్టాలో నేను కొండెక్కి దిగినట్టు చూపించింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

నర్సమ్మ గారిది మాత్రం చెక్కుచెదరలేదు. కాకపోతే గీత రేపల్లె దాటాక తెగిపోయి, బాపట్లలో మళ్ళీ మొదలైంది. మధ్యలో ఏమీ లేదు. "మీటరు ఆపేసి ఆటో ఎక్కుంటుందిలే, పెద్దావిడ" అన్నాడు మాలో ఒకడు. యంత్రం బాగానే ఉంది కాబట్టి తప్పు మనిషిదేనని నేనూ అనుకున్నాను. వెళ్ళి అడిగాను.

"మధ్యలో మీటరు ఆపేశారా అండీ?"

"నేను ముట్టుకోలేదు బాబూ. బాపట్లలో చూస్తే ఆగిపోయి ఉంది. మళ్ళీ నొక్కాను."

"దానంతటది ఆగదండీ."

"తొక్కాను బాబూ. నేనే చెప్తున్నానుగా" అన్నారు.

"మీటర్లో లేనిది రాయలేనండీ. రూలు అందరికీ ఒకటే."

"సరే. నీ రిజిస్టరు నీ ఇష్టం" అన్నారు.

ఆ తర్వాత ఆమె మానేస్తారనుకున్నాను. మానలేదు. ఆ వచ్చే ఆదివారం అందరికన్నా ముందే వచ్చి నిలబడ్డారు. హ్యాండిల్ మీద మీటరు లేదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కోప్పడినా బాగుండేది.

ఈ ఏడు నా పాత మీటరు పోతే నేను కూడా ఆమె దానిలాంటిదే, అద్దం మీద వేలితో తాకే రకం కొన్నాను. తొలకరిలో సంగం జాగర్లమూడి దగ్గర కాలవ పక్కన వెళ్తుండగా వాన అందుకుంది. నా కళ్ళముందే తెర మీద పేజీలు వాటంతటవే మారుతున్నాయి. ఒక చినుకు పడింది, "ఆపాలా?" అని అడిగింది. ఇంకో చినుకు పడింది, ఆగిపోయింది. నేను సైకిలు దిగి రోడ్డు మీద నిలబడిపోయాను. అలాంటి అద్దానికి నీటిబొట్టుకీ వేలికీ తేడా తెలియదని నేను పిల్లలకి పాఠం చెబుతాను. నీళ్ళు లోపలికి రాకుండా ఆ యంత్రం కాచుకున్న మాట నిజమే. పైన పడే వానకి మాత్రం అది లొంగిపోయింది.

నన్ను కొండెక్కించిన మీటరు అబద్ధమాడుతోందని అప్పుడు అందరం నవ్వాం. ఆమె విషయంలో మాత్రం మీటరు మాటే నమ్మాం. ఎందుకలా నమ్మామో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చనిపోవడానికి రెండు రోజుల ముందు వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏంటి బాబూ, ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?"

పక్కన కొడుకూ కోడలూ ఉన్నారు. "ఏం లేదండీ, వచ్చే ఆదివారం చీరాల వెళ్దామనుకుంటున్నాం. వస్తారా?" అన్నాను.

"ఎందుకు రానూ!" అన్నారు.

చీరాలలో అందరి ముందూ చెబితే ఆమెకు గౌరవంగా ఉంటుందని తిరిగొచ్చే దారంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, ధైర్యం చాలలేదు.

పెద్దకర్మకి ఆమె కోసం అందరం సైకిళ్ళ మీదే వెళ్ళాం. భోజనాలకి ముందు యాభై ఏళ్ళుండే ఒకావిడ మా దగ్గరికి వచ్చింది.

"మీరేనా అండీ ఆ సైకిళ్ళ వాళ్ళు? మాది చెరుకుపల్లి అవతలండి. మా పిల్లలిద్దరికీ సూదులేసింది ఈవిడే. పోయినేడు పెద్దవానలో మా గుమ్మం ముందు ఆగిందండి, వణికిపోతా ఉంది. 'బస్సొస్తది, ఎక్కమ్మా, సైకిలు రేపు మావాళ్ళు తెచ్చిస్తారు' అన్నానండి. ఎక్కలా. 'మావాళ్ళు బాపట్లలో నాకోసం చూస్తా ఉంటారు' అని ఆ వానలోనే తొక్కుకుంటా వెళ్ళిపోయింది. ఎక్కడన్నా పడిపోయిందేమోనని నాకు అప్పట్నించీ మనసులో ఉండిపోయిందండి. ఆ రోజు చేరిందా అండీ?"

ఆటో అన్నవాడు నా పక్కనే ఉన్నాడు, తల వంచుకున్నాడు. మిగిలినవాళ్ళు నా వైపు చూశారు.

"చేరారండీ" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. "మొత్తం తొక్కే చేరారు."

"హమ్మయ్య" అందావిడ, ఇన్నాళ్ళ దిగులు తీరినట్టు. కొంగుతో మొహం తుడుచుకుని బంతిలో కూర్చోవడానికి వెళ్ళింది.

షామియానా మీద చినుకులు మొదలయ్యాయి. గోడకి ఆనించిన మా సైకిళ్ళ మీద మీటర్లు తడుస్తున్నాయి. తీసి లోపల పెట్టడానికి ఎవరమూ లేవలేదు.