కోడలి తప్పులు అనే ఫోల్డరు

ఏరియూరు చుట్టుపక్కల ఈమెయిలు అడ్రసు సంపాదించిన మొదటి మనిషిని నేనే. అంటే, బడి హెడ్మాస్టరు, పశువుల డాక్టరు, ఎరువుల అంగడి యజమాని, ఈ ముగ్గురి తర్వాత మొదటి మనిషిని.

పాల సొసైటీ సెక్రటరీగా పని మానుకున్న రోజు అక్కడి పాత కంప్యూటరును నాకు కానుకగా ఇచ్చారని ఊరంతా చెప్పుకున్నాను. కానుక కాదు. పాత ఇనుము వాడికి తూకానికి వేయబోతుంటే అడ్డుపడి తెచ్చుకున్నాను. అందులో ఒక మెయిలు ప్రోగ్రాం ఉంది. వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్టు కంప్యూటరులోకి దించేసుకుంటుంది, ఆ తర్వాత ఫోనులో ఎంత వెతికినా దొరకదు. అంటే మా ఇంటికి వచ్చే టపా అంతా ముందుగదిలో ఆ పెట్టెలోకే చేరాలి, నా చేతి మీదుగానే బయటికి రావాలి. ఈ ఏర్పాటు నా మనసుకు బాగా నచ్చింది.

ఉత్తరాలు దాచడానికి అందులో రెండు వందల ఫోల్డర్లు పెట్టుకున్నాను. సరే, రెండు వందలు లేవు, నలభై ఉంటాయి. అన్నిటి పేర్లూ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మా వీధిలో అందరం ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. కానీ ఊరు ఉన్నది తమిళ దేశంలో. బడి చదువు తమిళం, బస్సు మీద బోర్డు తమిళం, రేషను కార్డు తమిళం. తెలుగు అక్షరం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాయన చిన్నప్పుడు పట్టుబట్టి నేర్పించాడు. అందుకని నా ఫోల్డర్లకు వేరే తాళం అక్కర్లేకపోయింది. నా భార్యకూ కొడుక్కూ కోడలికీ అవి కోడి గెలికిన గీతలు.

తాళం ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెబుతాను. ‘పెద్ద ఆఫీసర్ల జవాబులు’ అని ఒక ఫోల్డరు ఉండేది. నేను రాసిన అర్జీలకు వచ్చిన జవాబులన్నీ అందులో ఉన్నాయని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి. తెరిస్తే ఎరువుల కంపెనీల ప్రకటనలు. ‘విదేశీ శాస్త్రవేత్తలు’ అని ఇంకొకటి. అందులో ఒకే ఒక్క ఉత్తరం, అది కూడా ఈగల మందు అమ్మేవాళ్ళది. ఇక అమ్మేసిన గొడ్లకు తలా ఒకటి. నల్లావుకు ఒకటి, వంకరకొమ్ము ఎనుముకు, అదే గేదెకు, ఒకటి. టీకాల చీట్లు, చెవి బిళ్ళ ఫోటోలు అందులో ఉండేవి.

మా కోడలిది పెరియంపట్టి. మా ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. మా ఆవులూ ఎనుములూ ఆమె చేతి మీదే బతుకుతున్నాయి. కిందటేడు ఆమె పశువుల ఆసుపత్రిలో సహాయకురాలి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. వయసు హద్దు దగ్గర పడింది, ఈసారి తప్పితే మళ్ళీ పెట్టడానికి లేదు. తనకంటూ ఒక ఈమెయిలు అడ్రసు తెరుచుకుంటానంటే నేనే వద్దన్నాను. “ఇంటికి ఒక అడ్రసు చాలు తల్లీ, నా అడ్రసు చూస్తే ఆఫీసులో లేచి నిలబడతారు” అన్నాను. ఆమె నవ్వి నా అడ్రసే రాసింది. ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. సోమవారం పది గంటలకు ధర్మపురిలో. ఆ ఉత్తరం ప్రింటు చేతిలో లేకపోతే లోపలికి రానివ్వరని అందులోనే రాసి ఉంది. నేను దాన్ని ‘కోడలి ఉద్యోగం’ అనే ఫోల్డరులో భద్రం చేశాను.

ఆదివారం పొద్దున పాలు పోసి వచ్చి ఆమె నా వెనక నిలబడింది.

“మామా, ఆ పెట్టె నిండిపోయిందని రెండు దినాలుగా ఎర్ర అక్షరాలు వస్తా ఉండాయి. రేపటి గురించి మార్పేమన్నా రాసి పంపితే లోపలికి దిగదు. అక్కర్లేని ఫోల్డర్లు కొంజం తీసెయ్యండి.”

“అక్కర్లేనిది అందులో ఒకటి కూడా లేదు.”

“గొడ్డును అమ్మితే పలుపు ఇచ్చేది లేదు, ఇంటికి తెచ్చుకుంటాం. అది మన పద్ధతి, నేను కాదనలేదు. అయితే గొడ్లు పోయినాక ఇన్ని పలుపులు దేనికి మామా? మెడకు చుట్టుకుంటారా?”

గొడ్డును కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకుంటాడు, మా తాడు మా ఇంటికి తిరిగి వస్తుంది. నా ఫోల్డర్ల సంగతి ఇంత సూటిగా చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. “సరే, నేనే తీసేస్తాను, నువ్వు పో” అన్నాను.

ఆమెను పొమ్మనడానికి ఇంకో కారణం ఉంది. ఆ నలభైలో ‘కోడలి తప్పులు’ అనే ఫోల్డరు ఒకటి ఉంది.

ఆమె కొత్తగా వచ్చిన ఏడాది రాసినవి అవి, తొమ్మిది ఉత్తరాలు. ఎవరికీ పంపలేదు, నా అడ్రసుకు నేనే పంపుకున్నాను. భార్యకు చెబితే తిడుతుంది, కొడుక్కు చెబితే బాధపడతాడు, కడుపులో పెట్టుకుంటే నాకు అరగదు. సంగటి మాడ్చిందని ఒకటి. పాలు పితికేటప్పుడు ఫోనులో పాట పెట్టిందని ఒకటి. ఎద్దుల పండగలో నేను పొగరుబోతు కోడెను ఒంటి చేత్తో నిలిపిన కథ చెబుతుంటే, “ఇంకో చెయ్యి ఏం చేస్తా ఉండె మామా?” అని అందరి ముందూ అడిగిందని ఒకటి. నిజానికి ఆ రోజు నా రెండు చేతులూ చింతచెట్టు కొమ్మను పట్టుకుని ఉన్నాయి, నేను ఆ కొమ్మ మీద ఉన్నాను.

రెండో ఏడు మా ఎనుము ఈనలేక పడిపోయింది. డాక్టరు వచ్చేలోపల ఈ పిల్ల మోచేతి దాకా నూనె పూసుకుని, చెయ్యి లోపల పెట్టి, అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి లాగింది. ఆ తర్వాత నేను తప్పులు రాయలేదు. అయితే దూడను లాగిన సంగతి కూడా ఏ ఫోల్డరులోనూ రాయలేదు.

సరే, ఆదివారం పొద్దున మొదట తీసేసింది ఆ తప్పుల ఫోల్డరునే. ప్రోగ్రాం ఇంగ్లీషులో ఏదో అడిగింది, చదవకుండానే అవునని నొక్కాను. చెయ్యి వేడెక్కింది. ఆఫీసర్లు పోయారు, శాస్త్రవేత్తలు పోయారు, నల్లావు పోయింది. ఇరవై దాకా తీసేసి, ఇంత ధైర్యం నాకెక్కడిదని నన్ను నేనే మెచ్చుకుని, ప్రోగ్రాం మూయబోయాను. తీసేసినవి పోయి పడే కుప్పతొట్టిలో ఉన్నవన్నీ ఇక ఎప్పటికీ దొరకకుండా పారెయ్యాలా అని అడిగింది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ముందుచూపుతో ఆగానని తర్వాత చాలామందికి చెప్పాను. ముందుచూపు లేదు, పిరికితనం. అవుననీ నొక్కలేదు, కాదనీ నొక్కలేదు. కంప్యూటరును అట్లాగే వదిలేసి గడ్డి కోయడానికి పోయాను.

మధ్యాహ్నం వచ్చేసరికి కోడలు పెన్ డ్రైవు చేతిలో పట్టుకుని తయారుగా ఉంది. ధర్మపురి బస్టాండు దగ్గర ఆదివారం తెరిచి ఉండే జిరాక్సు అంగడి ఒకటే ఉంది.

“మామా, ఆ ఉత్తరం తీసిస్తే రెండు గంటల బస్సుకు పోతాను.”

కూర్చుని చూశాను. ‘కోడలి ఉద్యోగం’ లేదు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

“ఏం మామా?”

“ఇక్కడే ఉండె. కంప్యూటరే ఏదో చేసినాది.”

“కంప్యూటరు చేసినాదా, మీరు చేసినారా?”

వాకిట్లో చింతపండు కొడుతున్న నా భార్య అక్కడినుంచే కేక వేసింది. “అది చేతులు లేని పెట్టె. ఈయప్పకు ఉండాయి రెండు.”

ఆరేళ్ళలో ఆ పిల్ల నన్ను అడిగింది ఆ ఒక్క ఉత్తరమే. ఆమె మాత్రం గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని మౌసు అందుకుంది.

“తీసేసినవి కుప్పతొట్టిలో ఉంటాయి మామా. అది కాలీ చేసినారా?”

“లేదు.”

“బతికించినారు.”

కుప్పతొట్టి తెరిచింది. నేను తీసేసిన పేర్లన్నీ వరసగా తెలుగులో కనబడ్డాయి. నేను గబగబా, “నీకు తెలుగు రాదు కదా తల్లీ, లెయ్, నేను చూస్తాను” అన్నాను. ఆమె లేవలేదు. బాణం గుర్తు నేరుగా పోయి ‘కోడలి తప్పులు’ మీద ఆగింది. ఆ పేరు పక్కన చిన్న కూడిక గుర్తు ఉంది.

“దీని కడుపులో ఇంకో ఫోల్డరు ఉండాది.”

“అది కాదు, అది గొడ్ల మందుల పట్టీ.”

ఆమె తెర మీద వేలు పెట్టి, బడిపిల్ల మాదిరి ఒక్కొక్క అక్షరమే చదివింది. “కో, డ, లి. త, ప్పు, లు.” చదివి నా వైపు తిరిగింది. “ఏం మందు మామా ఇది? దేనికి ఇస్తారు?”

నేను నేల చూస్తూ, ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను.

“నాలుగేండ్లాయె. అటక దులిపేటప్పుడు మీ చిన్నప్పటి నోటుబుక్కు దొరికె. తెలుగు అక్షరం కింద తమిళ అక్షరం రాసి పెట్టినారు కదా. దాన్ని పెట్టుకుని పాల సొసైటీ కాడ వరసలో నిలబడి నేర్చుకున్నాను.”

“అయితే అన్నీ చదివినావా? ఆఫీసర్లు, శాస్త్రవేత్తలు?”

“చదివినాను.”

“ఒక్క మాట అనలేదే?”

“ఏమనేది? ఎరువులోళ్ళను మీరు ఆఫీసర్లు చేసి కూర్చోబెట్టుకున్నారు. నేను చెప్తే వాళ్ళు లేచి పోతారా?”

“నా ఉత్తరాలు?”

“మూడోది దాకా చదివి మూసేసినాను. ఆ పొద్దు సంగటి మాడినమాట నిజమే.”

అంటూనే కూడిక గుర్తు నొక్కింది. లోపల ‘కోడలి ఉద్యోగం’ కనబడింది. అక్షరాల వరసలో ఆ రెండు ఫోల్డర్లూ పక్కపక్కన ఉండేవి. మౌసు మీద నిలకడలేని నా చెయ్యి ఎప్పుడో ఒకదాన్ని ఈడ్చి రెండోదానిలో పడేసింది, పెద్దదాన్ని తీసేస్తే చిన్నది దానితోపాటే పోయింది. ఆమె దాన్ని మెల్లగా బయటికి లాగి, ఉత్తరం తెరిచి, తేదీ చూసుకుని, పెన్ డ్రైవులోకి ఎక్కించుకుంది. ఆ చెయ్యి ఎక్కడా తొందరపడలేదు. ఎనుము కడుపులో దూడను తిప్పినప్పుడు కూడా అంతే నిదానంగా ఉంది. మిగిలిన తప్పుల ఫోల్డరును చూపించి, “ఇది మీది. ఉంచుకుంటారో పారేస్తారో మీరే చూడండి” అని బస్సుకు పోయింది.

నేను కుప్పతొట్టి ఖాళీ చేశాను. ఈసారి ఇంగ్లీషు మాట పూర్తిగా చదివి, అవునని నొక్కాను.

సోమవారం ఆమెతోపాటు నేనూ ధర్మపురికి పోయాను. తోడు పోయానని చెప్పాలని ఉంది కానీ, సిగ్గుతో ఇంట్లో ఉండలేకనే వెంట పోయాను. ఆమె ప్రింటు చూపించి లోపలికి పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్‌తో నేను పశువుల శాఖలో పెద్ద పని చేసి రిటైరయ్యానని చెప్పాను. అతను నా చెప్పులకు అంటిన పేడ చూసి, కూర్చోమన్నాడు.

రెండు గంటల తర్వాత ఆమె బయటికి వచ్చింది. ఆవును పట్టి కట్టించారట, ఆ ఉద్యోగానికి సైకిలు రావాలని అదీ తొక్కించారట. కడపట, ఉద్యోగం ఇస్తే పొద్దున్నే రావాలి, ఇంట్లో ఇన్ని గొడ్లు ఉన్నాయంటున్నావు, వాటినెవరు చూస్తారని అడిగారట.

“ఏం చెప్పినావు?”

“మా మామ ఉండారు, ఆరు గొడ్లను ఒక్కరే గంటలో పితికేస్తారు, మా పక్క అట్లాంటి చెయ్యి ఇంకొకటి లేదని చెప్పినాను.”

నేను పాలు పితికి ఎనిమిదేళ్ళయింది. మోకాళ్ళు వంగవు. జీవితమంతా నా గురించి నేను చెప్పుకున్నవే తప్ప, ఇంకొకరు నా తరఫున ఇంత పెద్ద గొప్ప చెప్పడం అదే మొదటిసారి. బస్సులో ఊరు వచ్చేదాకా ఆ మాటను ఎట్లా సర్దుకోవాలో నాకు తెలియలేదు.

నెల తిరగకముందే ఉద్యోగం వచ్చింది. ఆమె ఇప్పుడు పొద్దున్నే బస్సెక్కి పెన్నాగరం పశువుల ఆసుపత్రికి పోతుంది. వడ్రంగి చేత జానెడు ఎత్తు పీట ఒకటి చేయించుకుని, దాని మీద కూర్చుని నేనే పితుకుతున్నాను. ఆరింటినీ గంటలో ముగించేస్తున్నాను. ముగించడం లేదు. నాలుగు నేను పితికేసరికే రెండు గంటలవుతోంది, మిగిలిన రెండూ నా భార్య పితుకుతోంది. కానీ మొన్నటికంటే నిన్న పది నిమిషాలు తగ్గింది.